మధ్య ముక్క

తిరుపతి పెద్దాసుపత్రి చీటీ మీద
ఆ మాటకు వరస చాల్లేదు.
గీత దాటి, మార్జిన్లోకి పోయి,
పిన్ను కొట్టిన మూల కాడ వంగింది.

ఆస్టియోమైయలైటిస్.

దొరవేలు మామ చెరుకులోడు ట్రాక్టరు మీంచి పడి
మూడు నెలలు.
పైన పుండు మానింది.
కాలు వాచింది, తగ్గింది, మళ్ళా వాచింది.
రాత్రయితే జొరం.
డాక్టరు ఏం చెప్పినాడంటే
"ఏందో పొడుగ్గా చెప్పినాడు" అని
ఎంత పొడుగో చేతులు చాపి చూపించినాడు.

నాకప్పుడు తొమ్మిదో తరగతి.
జయశీలి టీచరు పొడుగు మాటల్ని
స్కేలుతో బల్ల కొట్టి నేర్పించేది.
గడ్డం కింద అరచెయ్యి పెట్టుకో,
దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని ముక్కలు.

ఆస్. టి. యో. మై. య. లై. టిస్.
పాకాల నించి పుత్తూరు బస్సులో, కిటికీ పక్కన,
ఏడు సార్లు దిగింది నా దవడ.
ముందు సీటు అవ్వ పన్నునొప్పి అనుకోని
ఒక లవంగం ఇచ్చింది.

పలకడం వొచ్చేసింది. అర్థం రాలే.
ఏడింట్లో ఒక్క ముక్కా నోరు విప్పదు.
"టి" అంటే ఏం? "యో" అంటే ఎవర్ని పిలిచినట్టు?

చీటీ వెనకాల టీచరు
పెన్సిలుతో ఇంకో రకంగా విడదీసిచ్చింది,
రెండే రెండు గీతలు:
ఆస్టియో, ఎముక.
మైయల్, ఎముక లోపలి మూలుగ.
ఐటిస్, వాపు, మంట.
"నోటికి ఏడు, బుద్ధికి మూడు" అనింది.

రెండు లెక్కలూ వేళ్ళ మీద కలిపి చూసినా.
కుదర్లేదు.
ఒక ల్ తగువు పడింది.
మూలుగ ఇంట్లో పుట్టింది,
పలికేటప్పుడు గడప దాటి
మంట ఇంట్లో "లై" అయి కూచుంది.
మన మాటల్లో మాత్రం లేదా ఏం,
వాడెక్కడ, అంటాం కదా,
ఆ "డె"లో సగం వాడు, సగం వెతుకులాట.
ఆడ కత్తి దిగదు.

చెంగల్రాజు తాత అరుగు మీద
కోడిగుడ్లు, వెదురుబద్దలు, ఆకు పసరు, చింపిన పంచె గుడ్డ.
ఇంగ్లీషు రాదు. తెలుగు సంతకం వరకే.
మామ కాలు ఒళ్ళో పెట్టుకోని, కళ్ళు మూసుకోని,
మోకాలి నించి కిందికి నొక్కుకుంటా వొచ్చినాడు,
బస్సులో నేను ఆ మాటను తడుముకుంటా వొచ్చినట్టు.
ఒక తావ ఆగినాడు.
మామ మూలిగినాడు.

"చీటీలో ఏముంది పాపా?"
ఏడుగా చెప్పినా. నవ్వినాడు.
"పగలగొట్టొద్దు మే. కీలు కాడ విప్పు."
మూడుగా చెప్పినా.
మొదటి ముక్కకు తలూపినాడు. ఎముక ఆయనది.
కడా ముక్కకు ఊఁ కొట్టినాడు. వాపు ఆయనకు తెలుసు.
మధ్య ముక్క మళ్ళా చెప్పమన్నాడు.

మూలుగ, తాతా.

చేతులు తీసేసినాడు.
గుడ్డు పగలగొట్టబోతాండే కొడుకును కంటితోనే ఆపినాడు.
"విరిగింటే కడతా. తొలిగింటే కూరుస్తా.
లోపల మండేదానికి పైన కట్టు కడితే
తడి బెల్లం గోతంలో కుట్టినట్టే.
ఇంటికి పోవద్దు. తిరుపతి బస్సే ఎక్కండి.
ఆ పొడుగు మాట రాసినాయన దగ్గరికే."
డబ్బులు తీసుకోలే.
చీటీ నాకిచ్చే ముందు
ఆ మాట మీద బొటనవేలు పెట్టి
ఈ చివర నించి ఆ చివరకు
ఒకసారి నొక్కి చూసినాడు.

రెండు ఆపరేషన్లు. కాలు మిగిలింది,
ఒక అంగుళం తక్కువగా.
మామ చెప్పుకు అట్ట కుట్టించుకోని నడుస్తాడు.
చెరుకు గానిగ కాడికి వొస్తాంటే
చూడకుండానే తెలుస్తాది,
గురువు, లఘువు, గురువు, లఘువు.

చీటీ నా దగ్గరే ఉంది.
పెన్సిలు మాసిపోయింది.
రెండో గీత
ల్ కు ముందు గీసిందో, తర్వాత గీసిందో,
వెలుతురు కాడికి తీసకపోయినా
తేలలే.